గ్యాస్ అనే గంపగుత్త మాట

మా వీధి మందుల షాపు కుర్రాడికి నా మొహం చూడగానే విషయం తెలిసిపోయేది. నేను మెట్టెక్కేలోపే కత్తెర తీసి స్ట్రిప్పు కత్తిరించేవాడు. "గ్యాసేగా సార్?" అనేవాడు. "ఆ, గ్యాసే" అనేవాణ్ణి. రోగ నిర్ధారణ, చికిత్స రెండూ అక్కడితో పూర్తి. ఇలా మూడేళ్ళు గడిచాయి. జేబులో పెన్ను లేకుండా బయటికెళ్ళిన రోజులున్నాయి గానీ బిళ్ళ లేకుండా వెళ్ళిన రోజు లేదు.

ఒకసారి జ్వరానికని వెళ్ళి, పనిలో పనిగా ఈ సంగతి కూడా ఒక పెద్దవయసు డాక్టరుగారి చెవిన వేశాను. "గ్యాస్ ట్రబులండీ" అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు.

"గ్యాస్ అంటే ఏమిటి బాబూ? మీకేమవుతోంది?"

నాకు జవాబు రాలేదు. "ఎక్కడో చూపించండి" అన్నారు. గొంతు దగ్గర మొదలుపెట్టి బొడ్డు కిందివరకూ అరచేత్తో ఒక పెద్ద సున్నా చుట్టాను.

"అందులో గుండె ఉంది, జీర్ణాశయం ఉంది, పిత్తాశయం ఉంది, క్లోమం ఉంది, గజాల కొద్దీ పేగులున్నాయి. దేనికి మందు రాయమంటారు?"

ఆ రోజు ఆయన మందు రాయలేదు. ఒక పని చెప్పారు. ఆ పనే ఈ అధ్యాయం. తిన్నాక బరువెక్కినా గ్యాసే, గుండెల్లో మండినా గ్యాసే, పొట్ట ఉబ్బినా గ్యాసే, నడుం పట్టేసినా గ్యాసే అంటాం మనం. ఒకే మాట కింద ఇన్ని బాధల్ని కలిపేస్తే ఏ బాధకీ సరైన మందు దొరకదు. అజీర్తిని అదుపులో పెట్టుకోవడం దాన్ని అసలు పేరు పెట్టి పిలవడంతో మొదలవుతుంది.

కడుపుకి కిటికీ

తిన్నది లోపల ఏమవుతోందో చాలా కాలం ఎవరూ కళ్ళారా చూడలేదు. 1822 జూన్‌లో అమెరికాలోని మాకినాక్ దీవిలో, తోళ్ళ వ్యాపారంలో పడవ పని చేసే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి అతి దగ్గర నుంచి తుపాకీ పేలి పొట్ట పైభాగంలో పెద్ద గాయమైంది. బతకడనుకున్న మనిషి బతికాడు. గాయం మానింది గానీ జీర్ణాశయానికి పడ్డ కంత పూడలేదు. వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ కంతనే కిటికీగా వాడుకున్నాడు. పట్టుదారానికి మాంసం ముక్కో రొట్టె ముక్కో కట్టి లోపలికి దించడం, కాసేపయ్యాక పైకి లాగి ఎంత అరిగిందో చూసి రాసుకోవడం. ఏళ్ళ తరబడి ఇలా చేసి 1833లో పుస్తకంగా వేశాడు. ఒక మనిషి కడుపుని అలా ప్రయోగశాల చెయ్యడం న్యాయమా అంటే, కాదనే ఇవాళ ఎవరైనా అంటారు. ఆ పుస్తకంలో మనకి పనికొచ్చే గమనిక ఒకటుంది: సెయింట్ మార్టిన్‌కి కోపం వచ్చినప్పుడు, చిరాకు పడ్డప్పుడు అరుగుదల దెబ్బతినేది. అన్నం దగ్గర గొడవలు వద్దని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

లోపలి ఏర్పాటు తెలిస్తే మిగతాదంతా సులువు. ఖాళీ జీర్ణాశయం పిడికెడంత. తినడం మొదలెట్టగానే దాని పైభాగం వదులై చోటిస్తుంది, నిండిన బస్సులో సర్దుకుని కూర్చున్నట్టు. అలా లీటరు దాకా, ఒక్కోసారి ఇంకా పైన పడుతుంది. కింది భాగం రోలు లాంటిది. నిమిషానికి సుమారు మూడుసార్లు ముడుచుకుంటూ, యాసిడ్‌తో కలిపి నూరుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులయ్యాక చివరి తలుపు గుండా కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. మామూలు భోజనానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నూనె, నెయ్యి దండిగా ఉంటే "కాసేపాగు" అని చిన్నపేగు నుంచి కబురొస్తుంది, తలుపు ఇంకా నెమ్మదిస్తుంది. పెళ్ళి భోజనం తర్వాత వచ్చే భుక్తాయాసం వెనక ఉన్న కథలో ఇదే పెద్ద భాగం.

కడుపు ఖాళీ అయ్యాక మరో పని మొదలవుతుంది. గంటన్నర, రెండు గంటలకోసారి ఒక అల లేచి, మిగిలిన తుక్కుని పేగుల చివరిదాకా ఊడ్చుకుంటూ పోతుంది. ఆకలి వేళ కడుపులో గుర్రుమనే చప్పుడు చాలావరకు ఆ చీపురుదే. మధ్యలో రెండు మిక్చరు పలుకులు నోట్లో వేసుకుంటే ఊడ్చడం ఆగిపోతుంది. రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండేవాళ్ళ కడుపు ఎప్పుడూ ఊడవని వాకిలిలా ఉంటుంది.

ఒక మాటని నాలుగు ముక్కలు చేద్దాం

ఇప్పుడు మీ చెయ్యి పొట్ట మీద పెట్టి, ఈ నాలుగింటిలో మీది ఏదో చూడండి. రెండు కలిసి ఉండొచ్చు. అయినా ఎక్కువ బాధ పెట్టేది ఒకటే ఉంటుంది.

*బరువు.* నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది, లేదా తిన్న రెండు గంటలకి కూడా ఇప్పుడే తిన్నట్టుంటుంది. జీర్ణాశయం పైభాగం సరిగ్గా వదులవకపోయినా, కింది తలుపు నెమ్మదిగా తెరుచుకున్నా ఇలా జరుగుతుంది. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళలో నరాలు దెబ్బతిని కడుపు ఆలస్యంగా ఖాళీ కావచ్చు. షుగరుకీ బరువు తగ్గడానికీ ఇప్పుడు వాడుతున్న సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కూడా కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తాయి.

*పైకడుపు మంట, నొప్పి.* రొమ్ము ఎముక చివరికీ బొడ్డుకీ మధ్య, వేలితో చూపించగలిగే చోట. ఆకలి వేళ పెరుగుతుందా, తిన్నాక పెరుగుతుందా అన్నది గమనించండి. పుండు ఉన్నప్పుడూ ఇలా ఉంటుంది, ఏ పుండూ లేకపోయినా ఇలా ఉంటుంది.

*గుండెల్లో మంట.* కింది నుంచి గొంతు వైపు పాకుతుంది, నోట్లోకి పుల్లటి నీళ్ళొస్తాయి. వంగినా పడుకున్నా ఎక్కువవుతుంది. ఇక్కడ తప్పంతా పైతలుపుది. అన్నవాహికకీ జీర్ణాశయానికీ మధ్య ఉండే బిగువు సడలి, కిందుండాల్సిన యాసిడ్ పైకొస్తోంది.

*ఉబ్బరం.* ఇది నిజంగా గ్యాసే. బొడ్డు చుట్టూ, కింద, సాయంత్రానికి పొట్ట బిగుసుకుని లుంగీ ముడి వదులు చేసుకోవాల్సి రావడం. పప్పుధాన్యాల్లోనూ ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉండే కొన్ని పిండిపదార్థాలు మనకి అరగవు, వాటిని పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెడతాయి. పాలు సరిపడనివాళ్ళకి పాలలోని చక్కెర కూడా అంతే. మలబద్ధకం ఉంటే ఉబ్బరం రెట్టింపు.

యాసిడ్ తగ్గించే బిళ్ళ రెండో దానికి, మూడో దానికి బాగా పనిచేస్తుంది. బరువుకి అంతంతమాత్రం. ఉబ్బరానికి దాదాపు ఏమీ చెయ్యదు. నేను మూడేళ్ళు మింగింది ఆ బిళ్ళే. నా అసలు బాధల్లో ఒకటి బరువని నాకప్పటికి తెలియదు.

ఐదో ముక్క: గుండె

"గ్యాస్ నొప్పి అనుకున్నామండీ" అనే మాట మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో, ఎలాంటి గొంతుతో వినిపిస్తుందో మీకు తెలుసు. గుండెపోటు నొప్పి పైకడుపులో మొదలు కావచ్చు. తేన్పులు, వికారం కూడా రావచ్చు. సోడా తాగితే కాసేపు తేలికైనట్టు కూడా అనిపించవచ్చు. కాబట్టి తేన్పు వచ్చింది కదా, గ్యాసేలే అన్న లెక్క చెల్లదు.

ఛాతీలో లేదా పైకడుపులో నొక్కేసినట్టు, బిగదీసినట్టు ఉండి, చెమటలు పడుతున్నా, ఊపిరి అందకపోయినా, నొప్పి దవడకో భుజానికో చేతికో పాకినా, నడిస్తే పెరిగి ఆగితే తగ్గుతున్నా, ఇంక బిళ్ళ వెతకొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. షుగరు ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, పెద్దవయసు వాళ్ళలో నొప్పి అంతగా లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే ఉండొచ్చు. ఈసీజీ తీయించాక గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు. ఆ నవ్వుకి అయ్యే ఖర్చు ఎంతైనా చౌకే.

డాక్టరుగారు చెప్పిన పని

రెండు వారాలు నోటుబుక్కు రాయమన్నారు. ఏం తిన్నాను, ఎన్నింటికి, ఎంతసేపు, ఎలాంటి పరిస్థితిలో, తర్వాత నాలుగు ముక్కల్లో ఏది వచ్చింది. అంతే. తిండి మానొద్దు, మార్చొద్దు, ఊరికే రాయండి అన్నారు. ఇంట్లో లెక్కల పుస్తకం చివరి పేజీల్లో రాశాను. అందులోంచి మూడు రోజులు:

మంగళవారం. మధ్యాహ్నం 2:40. అన్నం, టమాటా పప్పు, బెండకాయ వేపుడు. ఆఫీసు ఫోన్ మాట్లాడుతూ 7 నిమిషాల్లో ముగించాను. 3:15కి బరువు. సాయంత్రం దాకా.

గురువారం. రాత్రి 10:20. చపాతీలు మూడు, కుర్మా, ఫ్రిజ్‌లో మిగిలిన గులాబ్ జామ్ రెండు. 11:00కి పడక. 12:45కి గుండెల్లో మంట, పుల్లటి తేన్పు. లేచి కూర్చున్నాను.

ఆదివారం. మధ్యాహ్నం 1:00. అమ్మ దగ్గర. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, వంకాయ కూర, మజ్జిగ. కబుర్లతో 40 నిమిషాలు. తర్వాత ఏమీ లేదు.

ఆ మూడో రోజు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూడేళ్ళుగా అందరూ ఆవకాయ మీదే నేరం మోపారు, నేనూ నమ్మాను. నోటుబుక్కు చూస్తే ఆవకాయ నిర్దోషి. దొంగలు ఇద్దరు: ఏడు నిమిషాల భోజనం, పదిన్నర రాత్రి.

మీ పుస్తకంలో దొంగ వేరే కావచ్చు. నిజంగానే కారం కావచ్చు, పాలు కావచ్చు, ఖాళీ కడుపున మూడో కాఫీ కావచ్చు. అందుకే పక్కింటివాళ్ళ పథ్యం మీకు పనిచెయ్యదు. ఒకే దినుసుతో కనీసం మూడుసార్లు బాధ వస్తేనే దాన్ని అనుమానితుల జాబితాలో వేయండి. రెండు వారాలు మానేసి, మళ్ళీ ఒకసారి తిని చూడండి. అప్పుడూ వస్తే అది దొంగే.

కారం సంగతి ఇంకో మాట. గుంటూరు మిరపకాయకి మంట పుట్టించేది కాప్సైసిన్ అనే పదార్థం. అది నరాల మీద వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని తడుతుంది. నిప్పు లేకుండానే నిప్పు గంట మోగిస్తుందన్నమాట. ఆ గ్రాహకాన్ని మిరప సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. కాబట్టి కారంతో మంట నిజమే, కారంతో పుండు పడుతుందన్నది నిజం కాదు. పుండు పెట్టే అసలు కారణాలు వేరే ఉన్నాయి, కాసేపట్లో వాటి దగ్గరికి వస్తాను.

పళ్ళెం కన్నా ముందు గడియారం

పసివాడికి పాలు పట్టాక నాయనమ్మలు పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు. మేక రూపంలో కడుపులోకి చేరిన రాక్షసుణ్ణి అగస్త్యుడు అరిగించుకున్న కథ అది. ఆయనకి వాతాపి అరిగాడు గానీ, మనకి రాత్రి పదకొండింటి బిరియానీ అరగదు. నాయనమ్మ చేసే పనిని చూడండి: పాలు పట్టగానే పడుకోబెట్టదు. భుజాన వేసుకుని వీపు తట్టి, తేన్పు వచ్చేదాకా తిప్పుతుంది. పెద్దవాళ్ళకీ కావలసింది అదే.

రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉంచండి. దీనికి మించిన మందు గుండెల్లో మంటకి ఇంట్లో లేదు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, కొట్టు కట్టేసి పదింటికి ఇల్లు చేరేవాళ్ళు "కుదరదండీ" అంటారు. వాళ్ళు అసలు భోజనాన్ని సాయంత్రం ఆరేడింటికి డబ్బాలోంచే కానిచ్చి, ఇంటికొచ్చాక చిన్న గిన్నెడు పెరుగన్నంతో సరిపెట్టుకోవచ్చు. నేను చేసింది అదే. మొదటి వారం ఆకలేసింది, రెండో వారం అలవాటైంది.

రాత్రి మంట ఉన్నవాళ్ళు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చెయ్యండి. తలగడలు దొంతర పెడితే మెడ విరుగుతుంది, పొట్ట మడత పడుతుంది, మంట తగ్గదు. ఎడమ వైపు తిరిగి పడుకుంటే యాసిడ్ పైకి రావడం తగ్గుతుంది.

నెమ్మదిగా తినండి అని అందరూ చెబుతారు, ఎలాగో చెప్పరు. నాకు పనిచేసిన చిట్కా: ముద్ద మింగేదాకా రెండో ముద్ద కలపకూడదు. ఒక ముద్ద నోట్లో ఉండగానే వేళ్ళు రెండోది కలిపేస్తుంటాయి, గమనించండి. వేళ్ళని ఆపితే నోరు ఆగుతుంది. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఇరవై నిమిషాలు పట్టేలా చూసుకుంటే, కడుపు నిండిన కబురు మెదడుకి చేరే వ్యవధి దొరుకుతుంది. గబగబా తినేవాళ్ళు అన్నంతో పాటు గాలి కూడా మింగుతారు, అదే తర్వాత తేన్పులై వస్తుంది.

తిన్నాక పది పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా మెల్లగా నడవండి. పరుగులూ జిమ్మూ వద్దు. నడుము బెల్టు, లంగా బొందు, జీన్స్ బిగుతుగా ఉంటే వదులు చేసుకోండి. సిగరెట్టు, మద్యం అన్నవాహిక దగ్గరి పైతలుపుని సడలిస్తాయి. నడుం చుట్టూ కొవ్వు దాన్ని కింది నుంచి నొక్కుతుంది. బరువు ఎక్కువున్నవాళ్ళు నాలుగైదు కిలోలు తగ్గినా మంటలో తేడా కనిపిస్తుంది.

వడ్డించేవాళ్ళతో ఎలా వేగాలి

మనవాళ్ళ అజీర్తిలో సగం మొహమాటం. విస్తరి ముందు కూర్చున్నాక ఎంత తినాలో నిర్ణయించేది మన కడుపు కాదు, వడ్డించే చెయ్యి. "ఏమీ తినలేదు అల్లుడుగారూ" అంటూ అత్తగారు మూడో బొబ్బట్టు పట్టుకొస్తే వద్దనడం ఎలా? "వద్దండీ" అంటే ఇంకా వెయ్యమని అర్థం మన దగ్గర. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు.

దీనికి తెలుగు భోజనంలోనే ఉపాయం ఉంది. "అత్తయ్యగారూ, బొబ్బట్టు బ్రహ్మాండం. ఇంక పెరుగు వెయ్యండి" అనండి. పెరుగు అన్నారంటే భోజనం చివరికి వచ్చిందని ఎవరికైనా తెలుసు. వద్దన్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉంటుంది. నేను ఇప్పటికి ఎన్నో పెళ్ళిళ్ళు ఈ ఒక్క వాక్యంతో దాటాను. ఇంకో మార్గం, ఇష్టమైనవి రెండే ఎంచుకోవడం. గారె, పులిహోర, బొబ్బట్టు, బజ్జీ నాలుగూ నూనెలోనో నెయ్యిలోనో మునిగినవే. రెండు తృప్తిగా తినండి, రెండు కంటితో చూడండి.

పోపుల డబ్బా, గోలీ సోడా

వాము, జీలకర్ర, అల్లం, శొంఠి, ఇంగువ మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అజీర్తి మందులు. వీటిలో అల్లం కడుపు త్వరగా ఖాళీ కావడానికి సాయపడుతుందని పరీక్షల్లో కూడా కనిపించింది. బరువు బాధ ఉన్నవాళ్ళు అన్నంలో మొదటి ముద్ద శొంఠిపొడితో తినొచ్చు. గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి మాత్రం అల్లం ఎక్కువైతే మంట పెరగొచ్చు. చిటికెడు వాము నమిలి వేడినీళ్ళు తాగితే చాలామందికి ఉబ్బరం సర్దుకుంటుంది. చిటికెడంటే చిటికెడే, గుప్పెడు కాదు.

పప్పు, శనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికిస్తే ఉబ్బరం పుట్టించే పిండిపదార్థాలు కొంత పోతాయి. పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, ఎందుకంటే తోడుపెట్టినప్పుడు పాలచక్కెరలో కొంత భాగాన్ని ఆ సూక్ష్మజీవులే తినేస్తాయి.

గోలీ సోడా, నిమ్మసోడా తాగితే భళ్ళున తేన్పు వచ్చి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆ తేన్పులో వచ్చింది చాలావరకు మీరు సీసాలోంచి ఇప్పుడే లోపలికి పంపిన గ్యాసే. మంటకి పాలు తాగితే కాసేపు చల్లబడుతుంది, తర్వాత ఆ పాలే ఇంకాస్త యాసిడ్ ఊరేలా చేస్తాయి. వంటసోడా కలిపిన నీళ్ళు, పొంగే పొడులు యాసిడ్‌ని నిజంగానే విరిచేస్తాయి గానీ వాటిలో సోడియం ఎక్కువ. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు వాటి జోలికి పోకూడదు.

ఒక పూట లంఖణం పరమౌషధమే, నిన్న రాత్రి అతిగా తిన్నవాడికి. ఆకలి వేళ మంట వచ్చేవాడికీ, షుగరు మందులు వాడేవాడికీ అదే లంఖణం కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది.

బిళ్ళల లెక్క

జెలుసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లు లోపల ఉన్న యాసిడ్‌ని అప్పటికప్పుడు విరుస్తాయి. నిమిషాల్లో ఉపశమనం, గంటో రెండు గంటలో ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకి ఇవి చాలు. థైరాయిడ్ బిళ్ళ, ఐరన్ బిళ్ళ వేసుకునేవాళ్ళు వీటికీ వాటికీ మధ్య నాలుగు గంటల ఎడం పాటించాలి.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వేరే జాతి. యాసిడ్ ఊరించే పంపుల్నే ఇవి కట్టేస్తాయి. ఆ పంపులు తిండి తగిలినప్పుడే పనిచెయ్యడం మొదలెడతాయి, కాబట్టి బిళ్ళ తినడానికి అరగంట నుంచి గంట ముందు పడాలి. పూర్తి గుణం కనబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. మంట మొదలయ్యాక నోట్లో వేసుకునేవాళ్ళు, భోజనం చేసి తీరిగ్గా వేసుకునేవాళ్ళు దాని బలంలో చాలా భాగం పోగొట్టుకుంటున్నారు. నేను మూడేళ్ళూ పోగొట్టుకున్నాను.

ఇవి మంచి మందులే. డాక్టరు చెప్పిన నాలుగు వారాలో ఎనిమిది వారాలో వాడి ఆపాల్సినవాటిని, చెప్పకుండా ఏళ్ళ తరబడి వాడటంతోనే తంటా. దీర్ఘకాలం వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. ఒక్కసారిగా ఆపితే యాసిడ్ మామూలుకన్నా ఎక్కువగా ఊరి, "చూశావా, బిళ్ళ లేకపోతే బతకలేను" అనిపిస్తుంది. అది మీ జబ్బు కాదు, ఆపిన తీరుకి వచ్చిన ఎదురుదెబ్బ. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి. గుండెకో పక్షవాతానికో ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడుతూ రక్షణగా ఈ బిళ్ళ వేసుకుంటున్నవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదు. డోంపెరిడోన్ కలిపిన జంట క్యాప్సూళ్ళు కొందరిలో గుండె లయ మీద ప్రభావం చూపుతాయి, వాటిని షాపు కుర్రాడి మాట మీద కొనకండి.

అసలు పుండు పెట్టేవి ప్రధానంగా రెండు. ఒకటి కీళ్ళనొప్పులకి, తలనొప్పికి అలవోకగా మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి బిళ్ళలు. రెండోది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని అందరూ నమ్ముతున్న రోజుల్లో, 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఊపిరి పరీక్షతోనో మల పరీక్షతోనో ఆ క్రిమిని పట్టుకోవచ్చు. సాధారణంగా రెండు వారాల యాంటీబయాటిక్స్‌తో వదిలించుకోవచ్చు. పరీక్షకి ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ జాతి బిళ్ళలు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు. ఈ మాట పరీక్ష రాసిన డాక్టరుకి ముందే గుర్తుచెయ్యండి.

నోటుబుక్కు పక్కన పెట్టి పరిగెత్తాల్సినవి

మలం తారులా నల్లగా, జిగటగా వస్తే, వాంతిలో రక్తమో కాఫీ పొడి లాంటిదో కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి. (ఐరన్ బిళ్ళలతో కూడా మలం నల్లబడుతుంది. అనుమానం ఉంటే చూపించుకోవడమే మేలు.) ముద్ద గొంతు దిగకపోయినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడ్డా ఆలస్యం చెయ్యకండి. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉన్నా, యాభై దాటాక కొత్తగా ఈ బాధ మొదలైనా బిళ్ళతో కాలం గడపకుండా పరీక్ష చేయించుకోవాలి.

"అన్నీ నార్మలే" అంటే

ఎండోస్కోపీ చేయించుకుని, "ఏమీ లేదండీ, నార్మల్" అని కాగితం చేతిలో పెడితే కొందరికి ఆనందం బదులు ఏడుపొస్తుంది. ఏమీ లేకపోతే ఈ బాధేమిటి? ఇంట్లోవాళ్ళు "అంతా నీ మనసులోనే" అంటారు. అది తప్పు. అజీర్తితో ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి పుండూ గడ్డా ఏమీ కనిపించవు. ఆరు నెలల క్రితం మొదలై, మూడు నెలలుగా సాగుతున్న ఇలాంటి అజీర్తికి వైద్యంలో ఫంక్షనల్ డిస్పెప్సియా అని పేరుంది. ఇలాంటి జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో సవరించిన రోమ్ ప్రమాణాల్లో దానికి లక్షణాల జాబితా కూడా ఉంది. కెమెరా గోడని చూస్తుంది, గోడ కదలికనీ నరాల సున్నితత్వాన్నీ చూడలేదు. మైకు సౌండు ఎక్కువ పెట్టినట్టు, మామూలు భోజనమే లోపల పెద్ద రొదలా వినిపిస్తోందన్నమాట.

దీనికి మందులున్నాయి. కొన్నిసార్లు తక్కువ మోతాదులో రాసే మందు పేరు చూసి, "ఇది డిప్రెషన్‌కి కదా" అని గాభరా పడకండి. ఆ మోతాదులో అది నరాల రొదని తగ్గించడానికి. నిద్ర, నడక, భోజన వేళలు సరిచేసుకుంటే ఆ మందుకి సగం పని తగ్గుతుంది.

ఈ వారం చెయ్యాల్సినవి

1. ఇవాళ రాత్రి భోజనం నుంచే నోటుబుక్కు. వేళ, తిన్నది, ఎన్ని నిమిషాలు, తర్వాత ఏమైంది. పద్నాలుగు రోజులు.

2. రాత్రి భోజనాన్ని ఇప్పటికన్నా అరగంట ముందుకి జరపండి. వచ్చే వారం మరో అరగంట.

3. ఇంట్లో వాడుతున్న బిళ్ళలన్నీ ఒక చోట పోసి చూడండి. నొప్పి బిళ్ళలు ఎన్ని, గ్యాస్ బిళ్ళలు ఎన్ని, ఎవరు రాసినవి, ఎప్పటివి? ఒకదానివల్ల వచ్చిన బాధకే మరొకటి వేసుకుంటున్నారేమో అక్కడే బయటపడుతుంది.

4. ఒక వారం ఇంట్లో "గ్యాస్" అనే మాట నిషేధించండి, వంటింటి సిలిండర్‌కి తప్ప. ఎవరైనా ఆ మాట అంటే నాలుగు ప్రశ్నలు: బరువా, మంటా, పుల్లటి తేన్పా, ఉబ్బరమా? చెమటలు పడుతున్నాయా అన్నది ఐదోది. నిజానికి ఆ ప్రశ్నే ముందు అడగాలి.

మా ఇంట్లో ఈ నిషేధం మొదలైన నాలుగో రోజున మా అమ్మ ఫోన్ చేసి, "ఒరే, నాకు గ్యా..." అని నాలుక కరుచుకుంది. కాసేపు ఆలోచించి, "తిన్నాక రెండు గంటలకి, బొడ్డుకి పైన, బరువు. మోకాళ్ళకి వేసుకునే బిళ్ళ మొదలెట్టిన దగ్గర్నుంచి" అంది. ఆ ఒక్క వాక్యం రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గ్యాస్ బిళ్ళ జోలికి పోకుండా ముందు మోకాళ్ళ బిళ్ళ మార్చారు.